గొంతు క్యాన్సర్ అనుమానంతో ఎంఆర్ఐ రాశారా? చీటీ దగ్గర్నుంచి రిపోర్టు దాకా ఏం చేయాలి

విజయవాడ సూర్యారావుపేటలోనో గుంటూరు కొత్తపేటలోనో ఈఎన్‌టీ డాక్టరుగారు చీటీ రాసి చేతికిచ్చాక ఇంటిల్లిపాదీ అడిగే ప్రశ్న ఒకటే: "ఎంఆర్ఐ తీయిస్తే క్యాన్సరో కాదో తేలిపోతుంది కదండీ?"

తేలదు. క్యాన్సర్ అని ఖాయం చేసేది బయాప్సీ. అనుమానం ఉన్న చోట చిన్న ముక్క తీసి మైక్రోస్కోపు కింద చూస్తేనే ఆ మాట చెప్పగలరు. ఎంఆర్ఐ చెప్పేది వేరే సంగతి. గడ్డ ఎక్కడ మొదలైంది, ఎంత లోతుకు దిగింది, స్వరపేటిక చుట్టూ ఉన్న మృదులాస్థిని కొరికిందా, మెడలో బిళ్లలు కట్టాయా, పెద్ద రక్తనాళాన్ని చుట్టేసిందా అన్నది చూపిస్తుంది. ఆపరేషనా, రేడియేషనా, గొంతు నిలబెట్టగలమా లేదా అన్న నిర్ణయాలకు ఈ వివరాలే ఆధారం. కాబట్టి స్కాన్ ఒక్కసారే, సరిగ్గా జరగాలి. మిషన్ ఎంత కొత్తదైనా చీటీలో ఒక మాట తప్పు పడితే, లోపల పేషెంటు గుటకలు వేస్తూనే ఉంటే, పెట్టిన డబ్బూ పోయిన వారమూ తిరిగి రావు.

ఇంకో భయం కూడా చాలామందికి ఉంది. ఎంఆర్ఐ అంటే "కరెంటు పెట్టడం" కాదు. మనవైపు కరెంటు అని పిలిచేది రేడియేషన్ చికిత్సని. ఎంఆర్ఐలో ఉండేది అయస్కాంతం, రేడియో తరంగాలు. ఎక్స్‌రే కిరణాలు అసలు ఉండవు.

ముందు ఇది చూడండి

పడుకుంటే ఊపిరి ఆడకపోవడం, గాలి పీల్చేటప్పుడు ఈల వేసినట్టు శబ్దం రావడం, ఉమ్ము కూడా మింగలేకపోవడం, నోట్లోంచి రక్తం పడటం. వీటిలో ఏది ఉన్నా స్కాన్ సెంటర్‌కి వెళ్లకండి. 108కి ఫోన్ చేయండి, లేదా నేరుగా ఈఎన్‌టీ ఉన్న ఆసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లండి. అరగంటకు పైగా వెల్లకిలా పడుకోబెట్టే ఈ పరీక్ష అలాంటి మనిషికి ప్రాణం మీదికి తెస్తుంది. ముందు గాలిదారి సంగతి తేల్చాలి, ఆ తర్వాతే బొమ్మలు.

దగ్గర ఉంచుకోవలసినవి

- డాక్టరు చీటీ, ఎండోస్కోపీ రిపోర్టు, బయాప్సీ అయి ఉంటే ఏ రోజు చేశారో ఆ తేదీ
- పాత సీటీ, ఎంఆర్ఐల సీడీలు. ఫిల్ములు ఒక్కటే చాలవు
- ఈ మధ్య చేయించిన సీరం క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) రిపోర్టు
- ఒంట్లో ఏదైనా అమర్చి ఉంటే దాని కార్డు లేదా డిశ్చార్జి కాగితం: పేస్‌మేకర్, స్టెంటు, చెవి ఇంప్లాంటు, మెదడు ఆపరేషన్‌లో వేసిన క్లిప్పు, ఎముకల్లో రాడ్డు
- వాడుతున్న మందుల చీటీ. ఏ మందు పడదో రాసిన కాగితం
- హుక్కులు, జిప్పులు, జరీ లేని వదులు నూలు బట్టలు
- నగలు, ఫోన్లు పట్టుకుని బయట కూర్చోవడానికి ఒక మనిషి

ఎన్టీఆర్ వైద్యసేవ కింద వైద్యం చేయించుకోవాలనుకుంటే బయట సొంత డబ్బు పెట్టే ముందు, చికిత్స జరగబోయే ఆసుపత్రి హెల్ప్ డెస్క్‌లో అడగండి. గుంటూరు జీజీహెచ్‌లోని నాట్కో క్యాన్సర్ సెంటర్‌కో, మంగళగిరి ఎయిమ్స్‌కో వెళ్లబోతున్నా ఇదే మాట. బయట తీసిన స్కాన్ వాళ్లకు సరిపోతుందా, ఏ పద్ధతిలో తీయమంటారు అన్నది ముందే తెలుసుకుంటే రెండోసారి తీయించే బాధ తప్పుతుంది.

1. ఎంఆర్ఐయే ఎందుకో డాక్టరుని అడగండి

గొంతు అంతా ఒకటే ముద్ద కాదు. స్వరపేటికలోనూ, దాని వెనక అన్నవాహిక మొదలయ్యే చోటా గడ్డ ఉంటే చాలామంది డాక్టర్లు ముందు కాంట్రాస్ట్ సీటీ, అంటే నరంలోకి మందు ఎక్కించి తీసే సీటీ, రాస్తారు. సీటీ కొన్ని సెకన్లలో అయిపోతుంది కనుక మింగినా దగ్గినా బొమ్మ పెద్దగా చెదరదు. టాన్సిల్, నాలుక మొదలు, ముక్కు వెనక భాగం, పుర్రె అడుగు, నరం వెంట పాకిందేమోనన్న అనుమానం ఉన్నప్పుడు ఎంఆర్ఐ మెరుగు. కండరం, కొవ్వు, గడ్డ మూడూ విడివిడిగా కనిపిస్తాయి. మృదులాస్థి దెబ్బతిందా లేదా అని సీటీలో సందేహం మిగిలినా ఎంఆర్ఐ అడుగుతారు.

అందుకే రెండూ రాశారంటే డబ్బు గుంజుతున్నారని వెంటనే అనుకోకండి. "సీటీలో తేలనిది ఎంఆర్ఐలో ఏం చూడాలనుకుంటున్నారు?" అని అడగండి. డాక్టరుగారు ఒక వాక్యంలో చెప్పగలరు. ఆ వాక్యం 2వ మెట్టులో పనికొస్తుంది.

ఎంఆర్ఐ అసలు కుదరని మనిషికి దారులు మూసుకుపోవు. కాంట్రాస్ట్ సీటీ ఉంది, మెడ బిళ్లలకు అల్ట్రాసౌండ్ చూస్తూ సూదితో తీసే ఎఫ్ఎన్ఏసీ ఉంది, ఒళ్లంతా చూడాలంటే పెట్ సీటీ ఉంది.

2. చీటీని అక్షరం అక్షరం చదవండి

అన్నిటికన్నా ఖరీదైన పొరపాటు ఇక్కడే జరుగుతుంది. కౌంటర్‌లో "మెడకి ఎంఆర్ఐ అండీ" అంటే వాళ్లు మెడ ఎముకలకు, అంటే సర్వైకల్ స్పైన్‌కి, బుక్ చేసేయవచ్చు. అది మెడనొప్పి, చేతుల తిమ్మిరి ఉన్నవాళ్లకు చేసే పరీక్ష. వెన్నుపూసలు, నరాల మీద గురిపెట్టి తీస్తారు, గొంతు గడ్డకు పనికిరాదు. మీ చీటీలో ఉండాల్సింది "ఎంఆర్ఐ నెక్ విత్ కాంట్రాస్ట్", లేదా "ఫేస్ అండ్ నెక్ విత్ కాంట్రాస్ట్". నోటితో చెప్పకండి, చీటీ చూపించండి. రసీదు మీద పడిన పేరు చీటీతో సరిపోల్చి ఆ తర్వాత డబ్బు కట్టండి.

బుక్ చేసేటప్పుడే మూడు ప్రశ్నలు అడగండి:

- పుర్రె అడుగు నుంచి కాలర్ ఎముక దాకా వస్తుందా? మెడ కిందిదాకా తీయకపోతే అడుగున కట్టిన బిళ్లలు తప్పిపోతాయి.
- డిఫ్యూజన్ కూడా తీస్తారా? డీడబ్ల్యూఐ అంటారు. గడ్డ కణాలు కిక్కిరిసి ఉన్న చోటు ఇందులో తేడాగా కనిపిస్తుంది.
- చెప్పిన ధరలో కాంట్రాస్ట్ మందు, సీడీ కలిసే ఉన్నాయా?

చీటీలో ఉత్తినే "గొంతు సమస్య" అని ఉంటే డాక్టరు చేత ఒక వాక్యం రాయించండి. ఉదాహరణకు: "ఎడమ వోకల్ కార్డ్ (స్వరతంతువు) మీద గడ్డ, కార్డ్ కదలడం లేదు, కార్టిలేజ్ (మృదులాస్థి) లోకి వెళ్లిందా చూడాలి." ఏం వెతకాలో తెలిసిన రేడియాలజిస్టు ఆ చోట పలుచని స్లైసులు తీయిస్తారు. 3 నుంచి 4 మిల్లీమీటర్ల మందం మామూలు. అంతకన్నా మందంగా తీస్తే చిన్న గడ్డలు జారిపోతాయి.

మిషన్ 1.5 టెస్లానా, 3 టెస్లానా అని చాలామంది ఆరాటపడతారు. టెస్లా అంటే అయస్కాంతం బలాన్ని చెప్పే కొలత. గొంతుకు 1.5 చాలు. నోట్లో లోహపు పళ్లున్నవారికి అదే కొంత నయం, 3 టెస్లాలో లోహం నీడ ఎక్కువ పడుతుంది.

3. కుదిరితే స్కాన్ బయాప్సీకి ముందే

ముక్క తీసిన చోట వాపూ రక్తపు మరకా ఉంటాయి. స్కాన్‌లో ఆ వాపు కూడా గడ్డలాగే కనిపించి, ఉన్నదానికన్నా పెద్దదనిపించవచ్చు. అందుకని వీలైతే స్కాన్ ముందు, బయాప్సీ తర్వాత. బయాప్సీ అయిపోయి ఉంటే కంగారు లేదు, ఆ తేదీ చీటీలో రాయించండి, రేడియాలజిస్టు దాన్ని మనసులో పెట్టుకుని చదువుతారు. స్కాన్‌కి తేదీ దొరకలేదని బయాప్సీని వారాల తరబడి వాయిదా వేయడం మాత్రం తప్పు.

"కత్తి తగిలితే పాకుతుంది" అని బయాప్సీ మానేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. డాక్టరు గొంతులో చిన్న ముక్క తీయడం వల్ల క్యాన్సర్ పాకదు. తీయించకుండా నెలలు గడిపితే పాకుతుంది.

4. కిడ్నీ పరీక్ష, కాంట్రాస్ట్ మందు

ఎంఆర్ఐలో వాడే మందు గాడోలినియం. సీటీలో వాడే అయోడిన్ మందు వేరు. సీటీ మందు పడనివారికి ఇది కూడా పడదని లెక్క కాదు. అయినా జరిగింది చెప్పి తీరాలి.

మోతాదు కిలో బరువుకు 0.1 మిల్లీమోల్. ఎక్కువగా వాడే రకంలో అది కిలోకు 0.2 మిల్లీలీటర్లు, అంటే 60 కిలోల మనిషికి 12. రెట్టింపు గాఢత ఉన్న రకమైతే 6 చాలు. అందుకే బరువు అడుగుతారు. అంచనాగా చెప్పకుండా తూచి చెప్పండి. ఈ జబ్బులో మనిషి నెలలోనే చిక్కిపోయి ఉండవచ్చు.

షుగరు, బీపీ ఉన్నవారు, 60 దాటినవారు, కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఎ.కొండూరు వైపు ఊళ్లవారు క్రియాటినిన్ తప్పకుండా చేయించుకోండి. దాన్నుంచి లెక్కగట్టే ఈజీఎఫ్ఆర్ (కిడ్నీలు రక్తాన్ని వడగట్టే వేగం) 30 కన్నా తక్కువ ఉంటే, డయాలిసిస్ మీద ఉంటే, ఏ రకం మందు ఇవ్వాలి, అసలు ఇవ్వాలా అన్నది రేడియాలజిస్టు నిర్ణయించాలి. షుగరు మాత్ర మెట్‌ఫార్మిన్‌ను ఎంఆర్ఐ మందు కోసం ఆపనక్కర్లేదు. ఆపమన్న మాట సీటీకి సంబంధించింది. గర్భం ఉంటే, ఉందేమోనని అనుమానమున్నా, ముందే చెప్పండి.

డబ్బు తగ్గుతుందని "ప్లెయిన్ చేసేయండి", అంటే కాంట్రాస్ట్ మందు లేకుండా తీసేయండి, అనకండి. గడ్డ అంచులు, నరం వెంట పాకిన గీతలు, బిళ్లల మధ్య కుళ్లిన భాగం మందు ఇచ్చాకే తేటపడతాయి. కిడ్నీ వల్ల ఇవ్వలేకపోతే అది వేరే సంగతి. అప్పుడు డిఫ్యూజన్‌తో కలిపి ప్లెయిన్ తీసినా ఉపయోగం ఉంటుంది.

5. లోహం: ముందురోజు రాత్రే ఇంట్లో చూసుకోండి

మెట్టెలు, పట్టీలు, ముక్కుపుడక, దిద్దులు, జడ పిన్నులు, పిన్నీసులు, మొలతాడుకున్న వెండి బిళ్ల, తాయెత్తు రేకు. మొలతాడు, తాయెత్తు రెండూ బట్టల చాటున ఉంటాయి కనుక మరిచిపోయేది వాటినే. మంగళసూత్రం తీయడానికి మనసొప్పకపోతే పసుపుకొమ్ము కట్టిన పసుపుతాడు వేసుకుని రండి, ఏ ఇబ్బందీ లేదు. మెడ మీద ఉండే గొలుసు మాత్రం బంగారమైనా ఉంచకూడదు, సరిగ్గా చూడాల్సిన చోటే బొమ్మని పాడుచేస్తుంది. బిగిసిపోయిన మెట్టె సబ్బునీళ్లతో వస్తుంది. రాకపోతే టెక్నీషియన్‌కి చెప్పండి. కాటుక, కంటి రంగులు తుడిచేయండి.

ఇక నగలు కానివి, అసలు ప్రమాదమైనవి:

కంట్లో ఇనుప రజను. ఆటోనగర్‌లో లేత్, గ్రైండింగ్, వెల్డింగ్ పనులు చేసినవారు, ఎప్పుడో ఇరవై ఏళ్ల కిందట కంట్లో రజను పడినా, చెప్పాలి. లోపల మిగిలిన చిన్న నలుసు అయస్కాంతానికి కదిలితే చూపు పోవచ్చు. ముందు కంటికి ఎక్స్‌రే తీసి చూస్తారు.

గొంతుకు వేసిన గాలి గొట్టం. లోహపుదైతే లోపలికి వెళ్లకూడదు, ఈఎన్‌టీ డాక్టరే ప్లాస్టిక్ గొట్టం మార్చి పంపాలి. ఇంట్లో మీరు మార్చకండి. ప్లాస్టిక్‌దే అయినా గాలి నింపే చిన్న బుడ్డిలో స్ప్రింగు ఉండవచ్చు, టెక్నీషియన్‌కి చూపండి. ముక్కులోంచి వేసిన రైల్స్ ట్యూబు కొసన కూడా లోహపు గుళ్లు ఉండే రకాలున్నాయి.

పేస్‌మేకర్. కొత్తవి కొన్ని ఎంఆర్ఐకి అనువైనవి, కొన్ని కావు. కార్డు చూపించి, గుండె డాక్టరు అనుమతి కాగితం తెచ్చుకోండి.

కట్టుడు పళ్లు తీసేయాలి. సిమెంటు నింపిన, తొడుగు వేసిన పళ్లు ఉన్నా ప్రమాదం లేదు, బొమ్మ మీద నల్లని నీడ పడుతుందంతే. ఎంఆర్ఐ కోసమని పన్ను పీకించుకోకండి. రేడియేషన్‌కి ముందు ఏ పళ్లు తీయాలో డెంటిస్టు వేరుగా చూస్తారు.

వెంట వచ్చినవారికి కూడా ఇదే నియమం. 2018లో ముంబైలో ఎంఆర్ఐ గదిలోకి ఆక్సిజన్ సిలిండర్ పట్టుకెళ్లిన ఒక బంధువు, మిషన్ దాన్ని లాగేయడంతో ప్రాణాలు కోల్పోయాడు. స్కాన్ లేనప్పుడు కూడా అయస్కాంతం పనిచేస్తూనే ఉంటుంది. "ఇప్పుడు ఆఫ్‌లో ఉందిలే" అని ఎవరన్నా నమ్మి అడుగు పెట్టకండి.

6. స్కాన్ రోజు

కాంట్రాస్ట్ ఇస్తారు కాబట్టి నాలుగు గంటల ముందు నుంచి తినవద్దని చాలా సెంటర్లు చెబుతాయి. మీ సెంటర్ ఏం చెప్పిందో అదే పాటించండి. షుగరుకు ఇన్సులిన్ తీసుకునేవారు పొద్దున మొదటి టైమ్ అడగండి, ఆ పూట మోతాదు డాక్టరుని అడిగే తగ్గించండి. బీపీ మాత్ర రెండు గుక్కల నీళ్లతో వేసుకోవచ్చు. లోపలికి వెళ్లే ముందు మూత్రానికి వెళ్లి రండి. నోరు పుక్కిలించి, కఫం ఉంటే ఉమ్మేయండి.

7. బల్ల మీద: గుటక ఎప్పుడు వేయాలి

గొంతు ఎంఆర్ఐ పాడవడానికి పెద్ద కారణం గుటకే. బొమ్మలు విడతలు విడతలుగా తీస్తారు. ఒక్కో విడత, అంటే ఒక్కో వరుస, మూడు నుంచి ఐదు నిమిషాలు, మొత్తం 30 నుంచి 45 నిమిషాలు పడుతుంది. డబడబ శబ్దం వస్తున్నంతసేపూ బొమ్మ తీస్తున్నట్టు. శబ్దం ఆగి నిశ్శబ్దంగా ఉన్న ఆ కొద్ది క్షణాల్లో గుటక వేయాలి, దగ్గాలి, గొంతు సవరించుకోవాలి. శబ్దం మొదలయ్యాక పెదాలు మూసి, నాలుకని కదపకుండా వదిలేసి, ముక్కుతో మెల్లగా ఊపిరి తీసుకోవాలి. మంత్రమైనా సరే పెదవులు కదపకుండా మనసులోనే అనుకోండి.

ఇది ఇంట్లో నేర్చుకోవచ్చు. మూడు రాత్రులు, పలుచని దిండు మీద వెల్లకిలా పడుకోబెట్టి, ఫోన్‌లో ఐదు నిమిషాల టైమర్ పెట్టండి. మింగకుండా ఎంతసేపు ఉండగలుగుతున్నారో చూడండి. మూడు నిమిషాలు నిలబడితే చాలు. అంతసేపు కుదరకపోయినా, పడుకోగానే పొలమారుతున్నా ఆ సంగతి ముందే టెక్నీషియన్‌కి చెప్పండి. వరుసలు పొట్టిగా విడగొట్టవచ్చు, తల కొంచెం ఎత్తు పెట్టవచ్చు, మధ్యలో ఉమ్ము సక్షన్‌తో తీయవచ్చు. ఏదీ కుదరకపోతే డాక్టరుతో మాట్లాడి సీటీకి మారడం మేలు. చెదిరిన ఎంఆర్ఐ కన్నా శుభ్రమైన సీటీ వెయ్యి రెట్లు నయం.

మెడ మీద పంజరంలాంటి కాయిల్ పెడతారు. ఇరుకంటే భయపడేవారు కళ్లు ముందే మూసుకుని లోపలికి వెళ్లాలి. చేతిలో పెట్టే రబ్బరు బుడ్డి నొక్కితే టెక్నీషియన్ పలుకుతారు. మత్తు ఇవ్వమని మాత్రం మీరుగా పట్టుబట్టకండి. గాలిదారి ఇరుకైన గొంతుకు మత్తు ప్రమాదం. తప్పనిసరైతే మత్తు డాక్టరు పక్కన ఉండాలి.

మందు ఎక్కేటప్పుడు చేయి చల్లబడటం, నోట్లో లోహపు రుచి మామూలే. చేయి ఉబ్బి మంటపుట్టినా, దద్దుర్లు వచ్చినా, ఆయాసం వచ్చినా బుడ్డి నొక్కండి. అయిపోయాక అరగంట అక్కడే కూర్చోండి.

8. సెంటర్ గడప దాటే ముందు

- పేరు, వయసు, తేదీ, కుడి ఎడమ సరిగా ఉన్నాయా?
- "కదలిక వల్ల బొమ్మలు చెదిరాయా?" అని టెక్నీషియన్‌ని అడగండి. చెదిరిన వరుసని అప్పుడే మళ్లీ తీయడం తేలిక. రేపు కుదరదు.
- సీడీని అక్కడి కంప్యూటర్‌లోనే తెరిపించండి. డైకామ్ బొమ్మలు, అంటే మిషన్ తీసిన అసలు బొమ్మల ఫైళ్లు, వందల్లో ఉండాలి. పది పదిహేను మాత్రమే కనిపిస్తే అవి ఫిల్మ్ నకళ్లు.

ఫిల్మ్‌ని కిటికీ వెలుగులో ఫొటో తీసి వాట్సాప్‌లో పంపితే హైదరాబాద్ డాక్టరు కూడా ఏమీ చెప్పలేరు. సీడీలోని ఫోల్డరంతా పంపండి.

9. రిపోర్టులో ఈ మాటలున్నాయా?

వైద్యం మీరు నిర్ణయించక్కర్లేదు. వివరం పూర్తిగా ఉందో లేదో మాత్రం చూడగలరు.

గడ్డ ఏ చోట, ఏ పక్క, మూడు కొలతల్లో ఎంత, మధ్యగీత దాటిందా అన్నవి ఉండాలి. స్వరపేటికకైతే ప్రీ ఎపిగ్లాటిక్ స్పేస్, పారాగ్లాటిక్ స్పేస్ (రెండూ స్వరపేటిక దగ్గర కొవ్వు ఉండే ఖాళీలు), థైరాయిడ్ కార్టిలేజ్ (స్వరపేటిక ముందరి మృదులాస్థి) గురించి ఒక్కో మాట ఉండాలి. కార్టిలేజ్ లోపలి పొర వరకే ఆగితే గడ్డ దశ టీ3, బయటి పొర కూడా చీల్చుకుని వెళ్తే ఇంకా ముదిరిన టీ4ఏ. ఈ ఒక్క తేడాతో స్వరపేటిక ఉంచుతారా తీసేస్తారా అన్న చర్చ మారిపోవచ్చు. రిపోర్టులో ఆ మాటే లేకపోతే, "కార్టిలేజ్ సంగతి చెప్పగలరా?" అని రేడియాలజిస్టుని అడగడం మీ హక్కు. వెన్నుపూసల ముందరి పొర, కెరోటిడ్ రక్తనాళం చుట్టూ గడ్డ ఎంత మేర ఉందన్నదీ ఉండాలి.

మెడ బిళ్లలకు పక్క, లెవెల్ (మెడలో ఏ భాగమో చెప్పే నంబరు), కొలత, మధ్యలో కుళ్లిందా, పొర దాటి బయటికొచ్చిందా అన్నవి చూడండి. 3, 6 సెంటీమీటర్ల దగ్గర దశ మారుతుంది. బిళ్ల పెద్దదైనంత మాత్రాన క్యాన్సర్ అని కాదు. మన దగ్గర టీబీతో కూడా మెడలో బిళ్లలు కడతాయి, ఎఫ్ఎన్ఏసీతో తేలుతుంది. చిన్న బిళ్లలోనూ జబ్బు దాగవచ్చు.

"సజెస్టెడ్ హెచ్‌పీఈ కోరిలేషన్" అంటే బయాప్సీతో సరిచూడమని. క్యాన్సర్ ఖాయమనీ కాదు, లేదనీ కాదు. "నో మాస్ లీజన్", అంటే గడ్డ ఏదీ కనిపించలేదు, అని వచ్చినా సంతోషపడి ఆగిపోకండి. స్వరతంతువు మీద పైపైన ఉన్న తొలిదశ గడ్డ ఎంఆర్ఐకి కనిపించకపోవచ్చు. గొంతు బొంగురు మూడు వారాలు దాటిందంటే ఎండోస్కోపీ మాటే ముఖ్యం. "మోషన్ ఆర్టిఫాక్ట్", అంటే కదలిక వల్ల బొమ్మ చెదిరింది, అని రాసి ఉంటే ఆ రిపోర్టుని డాక్టరు ముందు పెట్టి, మళ్లీ తీయాలా అని అడగండి.

10. చికిత్స అయ్యాక తీసే స్కాన్

రేడియేషన్ అయిన కొద్ది వారాల్లో తొందరపడి తీయిస్తే వాపు గడ్డలా కనిపించి ఇల్లంతా కుంగిపోతుంది. మామూలుగా మూడు నెలల దగ్గర తీసినదాన్ని మొదటి కొలతగా పెట్టుకుంటారు. ఈలోపు కొత్త బాధ మొదలైతే మాత్రం ఆగకుండా చూపించుకోవాలి. తర్వాతి స్కాన్లు వీలైతే అదే సెంటర్‌లో, అదే మిషన్ మీద తీయించండి, పోల్చడం తేలిక.

పాత సీడీలన్నీ అదే రోజు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించండి. ఫిల్ములు వేడికి నల్లబడే రకం. మే నెల విజయవాడ ఎండలో కారు అద్దం కింద వదిలేస్తే సాయంత్రానికి అందులో చూడటానికి ఏమీ మిగలకపోవచ్చు.